డైరీ మీద టోపీ

మొన్న లొరెయిన్ కూతురు ఫోన్ చేసి వాళ్ళమ్మ పోయిందని చెప్పింది. తొంభై దాటిన మనిషి. బాధపడకుండా నిద్రలోనే పోయిందట. చెప్పాల్సినవన్నీ చెప్పాక కూడా ఆ అమ్మాయి ఫోన్ పెట్టెయ్యలేదు. "ఆయన మా అమ్మకిచ్చిన కవిత మీకేమైనా వచ్చా?" అని అడిగింది.

"రాదమ్మా. ఎవరిది వాళ్ళకే వచ్చు."

"పోయిన నెల నాకు చెప్పబోయింది. వచ్చే ఆదివారం తీరిగ్గా వింటాలే అన్నాను."



ఆ అమ్మాయి "ఆయన" అన్న మనిషి ఒక అమెరికన్ కవి. పేరు రాయను, రాస్తే ఆయనకు నచ్చదు. ఆయన కవితల్లో ఇప్పుడు మిగిలినవి, నాకు తెలిసినంతలో, రెండే. ఒకటి ఎవరి దగ్గరుందో తర్వాత చెబుతాను; ఆ మనిషి ఇప్పుడున్నాడో లేడో నాకు తెలియదు. రెండోది నా దగ్గరుంది. అది ఏ పుస్తకంలోనూ అచ్చు కాలేదు, ఏ కాగితం మీదా లేదు. నా తలలో ఉంది, ఆ తలకు ఎనభై ఆరేళ్ళు. ఈ మధ్య ఒక పొద్దున గడ్డం గీసుకుంటూ, అలవాటుగా దాన్ని పైకి చెప్పుకుంటుంటే మధ్యలో ఒక పంక్తి రాలేదు. ఒక బుగ్గకు నురగతో అద్దం ముందు అలాగే నిలబడిపోయాను. చివరికి వచ్చింది. వచ్చేదాకా ఉన్న ఖాళీని మాత్రం చూశాను. డాక్టరు కూడా ఇక ముందు ఇలాంటివి ఎక్కువవుతాయని మర్యాదగానే చెప్పాడు.

గుంటూరులో ఎస్సెల్సీ చదివే రోజుల నుంచి నేను డైరీ రాస్తున్నాను. చెప్పులు కొన్నదీ, కార్‌కి ఆయిల్ మార్పించినదీ, మా ఆవిడతో మాటామాటా పెరిగినదీ, ఆ సాయంత్రం మళ్ళీ మాట్లాడుకున్నదీ, అన్నీ ఉన్నాయి. మా అబ్బాయి నేలమాళిగలో దానికోసం ఒక గోడంతా అల్మారాలు కట్టించాడు. అందులో ఈ కవిత లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే ఆ మనిషి గురించి చెప్పాలి.

డెబ్బైల చివర డెట్రాయిట్ దగ్గర ఒక కార్ల కంపెనీ డ్రాయింగ్ ఆఫీసులో చేరాను. ఇతరులు గీసిన డ్రాయింగుల్లో కొలతలు సరిచూసి, తప్పున్నచోట ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టడం నా పని. మా ఆవిడ నర్సు. నిజానికి అమెరికా వచ్చింది ఆవిడ ఉద్యోగం మీదే, నేను వెనకాల వచ్చినవాణ్ణి. పొద్దుటి డ్యూటీకి ఆవిణ్ణి హాస్పిటల్ దగ్గర దించి, మా ఆఫీసు తెరిచేదాకా పక్కనున్న డైనర్‌లో కూర్చునేవాణ్ణి. కాఫీ, గుడ్లు, రొట్టె దొరికే చిన్న హోటలది. లొరెయిన్ అక్కడ వెయిట్రెస్. కాఫీ తాగుతూ ముందు రోజు డైరీ రాసుకునేవాణ్ణి.

చలికాలంలో ఒక పొద్దున ఒక ముసలాయన వచ్చి, అడక్కుండానే నా ఎదురుగా కూర్చున్నాడు. పొడుగాటి మనిషి, ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్న ముక్కు, వేళ్ళ కణుపుల్లో ఎంత తోమినా పోని గ్రీజు నలుపు. తలమీద ముదురు నీలం ఉన్ని టోపీ.

"నువ్వు గవర్నమెంటు మనిషివా?" అన్నాడు.

"కాదు."

"కంపెనీ మనిషివా?"

"డ్రాయింగ్ ఆఫీసు."

"రోజూ ఇక్కడ కూర్చుని ఎవరి గురించి రాస్తున్నావు?"

"నా గురించే. నిన్న ఏం చేశానో."

"ఏం చేశావేంటి?"

"వాకిట్లో మంచు తవ్వాను. టైర్లు మార్పించాను."

"రాసుకోకపోతే మర్చిపోతావా?"

లొరెయిన్ కాఫీ పోస్తూ, "అతన్ని తిననివ్వు ముసలాడా. మర్యాదస్తుడు, నీలా కాదు," అంది.

ఆయన నా డైరీని వేలితో తనవైపు తిప్పుకున్నాడు. తెలుగు అక్షరాలను చాలాసేపు చూశాడు. దీన్ని చదవగల పోలీసు ఈ ఊళ్ళో ఉన్నాడా అని అడిగాడు.

"మా ఆవిడ తప్ప చదవగలిగినవాళ్ళే లేరు."

"ఆవిడ పోలీసా?"

"నర్సు."

ఆయన నవ్వాడు. చలికి బిగుసుకున్న ఇంజను రెండు మూడు సార్లు దగ్గి, ఆఖరికి అందుకున్నట్టు ఉంటుంది ఆ నవ్వు. ఆ రోజు నుంచి నన్ను "ఇంజనీర్" అని పిలిచేవాడు. నా పేరు ఆయనకు వచ్చో రాదో కూడా నాకు తెలియదు.

ఆయన జీవితం గురించి నాకు తెలిసింది తక్కువ. చాలా ఏళ్ళు కార్ల ఫ్యాక్టరీ లైన్‌లో పనిచేశాడని, కంపెనీతో పడలేదని, యూనియన్‌తో అంతకన్నా పడలేదని, యుద్ధానికి రానన్నందుకు వయసులో ఉండగా జైలుకు వెళ్ళాడని లొరెయిన్ చెప్పింది. ఒక చిన్న పుస్తకం కూడా ఎప్పుడో అచ్చయిందట. నాకు తెలిసినది మాత్రం ఆ బల్ల దగ్గరి మనిషి.

ఆయన దగ్గర పెన్ను ఉండేది కాదు. తన ఆర్డర్ కూడా లొరెయిన్ చీటీ మీద రాయకూడదు. రాస్తే చీటీ చింపించి మళ్ళీ నోటితో చెప్పేవాడు. రోజూ అవే రెండు గుడ్లు, అదే మాడిన టోస్టు, అయినా చెప్పేవాడు. కాఫీని సాసర్‌లోకి ఒంపుకుని ఊదుకుంటూ తాగేవాడు. వాళ్ళ నాయనమ్మ పోలండ్ నుంచి వచ్చిన మనిషి, ఆమె అలవాటట. అమెరికా వచ్చాక నలుగురూ చూస్తారని నేను మానేసిన అలవాటది. ఆయన ఎదురుగా కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాను. లొరెయిన్ మా ఇద్దరి సాసర్లూ చూసి, "ఇంకో పిల్లి తయారైంది," అనేది.

కవిత చెప్పే ముందు టోపీ తీసి బల్లమీద బోర్లించకుండా వెల్లకిలా పెట్టేవాడు, ఏదో అందులో పడబోతున్నట్టు. తర్వాత చుట్టూ చూసి, "ఎవరు వింటున్నారు?" అనేవాడు. ఎవరో ఒకరు బదులు చెప్పాలి. ఎవరూ పలక్కపోతే టోపీ పెట్టుకుని టోస్టు తినేవాడు. "నేనూ, ఈ కాఫీ కుండా వింటున్నాం, కానివ్వు," అని లొరెయిన్ అన్న రోజులు ఎక్కువ.

కవితలు ఆయన నడుస్తూ కట్టేవాడు. కట్టినదాన్ని మా ముందు చెప్పేవాడు, మర్నాడు ఒక మాట మార్చి చెప్పేవాడు, ఇంకో వారానికి సగం పారేసి చెప్పేవాడు. ఇక కుదిరిందనుకున్నాక దాన్ని ఒక మనిషికి ఇచ్చేవాడు. ఇవ్వడమంటే కంఠతా నేర్పడం. అప్పటి నుంచి అది ఆ మనిషిది. ఆయన మళ్ళీ నోటితో చెప్పేవాడు కాడు. శరదృతువులో ఆకుల గురించి ఆయన చెప్పిన కవిత నాకు చాలా ఇష్టం. ఒకసారి మళ్ళీ వినాలనిపించి అడిగితే, "అది నా దగ్గర లేదు. మూలమీద బార్బర్ దగ్గరుంది. వెళ్ళి క్షవరం చేయించుకో," అన్నాడు. వెళ్ళి చేయించుకున్నాను. బార్బర్ కత్తెర పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, గంభీరంగా చెప్పాడు. ఆ నెలలో నాకు రెండుసార్లు క్షవరమైంది. మా ఆవిడ నా తల చూసి, "ఏమండీ, ఏమైనా మొక్కుకున్నారా? మన చర్చిలో అలాంటివి లేవే," అంది.

ఆవిడకు ఆయన మీద మొదట అంత గురి లేదు. ఒక ఆదివారం భోజనానికి పిలిచాం. గోంగూర దొరకని ఊరు కాబట్టి ఆవిడ క్రాన్‌బెర్రీలతో పచ్చడి చేసేది. ఆయన దాన్ని రొట్టె మీద రాసుకుని తింటుంటే, ఆవిడ నాతో తెలుగులో, "కవి అంటున్నారు, పుస్తకం ఏదీ?" అంది. ఏమందో చెప్పమని ఆయన పట్టుబట్టాడు. చెప్పాను.

"నీ భర్త ఇంజనీర్ కదమ్మా. కార్ జేబులో పెట్టుకు తిరుగుతాడా?" అన్నాడు.

ఆ మాటతో ఆవిడ ఇంకో గరిటెడు పచ్చడి వేసింది.

ఆ రోజే ఆయనకు అష్టావధానం గురించి చెప్పాను. మా తెలుగు మాస్టారు ఒకసారి క్లాసంతటినీ వెంటపెట్టుకెళ్ళి చూపించారు. ఎనిమిది మంది చుట్టూ కూర్చుని తలా ఒకటి అడుగుతుంటే, మధ్యలో ఒకాయన గంట కొట్టి లెక్కపెట్టమంటుంటే, అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చొప్పున పద్యాలు చెబుతూ పోయి, చివర అన్నిటినీ గుర్తుంచుకుని అప్పజెప్పేస్తాడని వివరించాను. ఆయన ఫోర్కు కింద పెట్టేశాడు.

"కాగితం?"

"ఉండదు."

"పోలీసులు?"

"లేరు. ముందు వరసలో కలెక్టర్‌గారు కూర్చున్నారు."

"నేను తప్పు ఊళ్ళో పుట్టాను, ఇంజనీర్."

ఈసారి మా ఆవిడ ఇంగ్లీషులోనే అంది: "అక్కడ పుట్టి ఉంటే, ఛందస్సు లేదని మిమ్మల్ని వేదిక మెట్లెక్కనిచ్చేవారు కాదు." ఆయన నవ్వు ఆ రోజు ఒక్క ప్రయత్నానికే అందుకుంది.

తర్వాత కార్ల కంపెనీలకు చెడ్డరోజులు వచ్చాయి. ఫ్యాక్టరీల్లో షిఫ్టులకు షిఫ్టులు తీసేస్తున్నారు. ఒక సాయంత్రం మా కంపెనీ ఫ్యాక్టరీ గేటు దగ్గర, పని పోయినవాళ్ళు ఆఖరిసారి బయటికి వస్తుంటే, ఈయన అడ్డంగా నిలబడి టోపీ తీసి కవిత చెప్పాడు. కదలమంటే కదల్లేదు. పట్టుకుపోయారు. విచారణ రోజున నేను సెలవు పెట్టి వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. ఆ కంపెనీ జీతం తినేవాణ్ణి కాబట్టి ముందు వరసకు ధైర్యం చాలలేదు.

గేటు దగ్గర చదివిన కాగితాన్ని కోర్టుకు ఇవ్వమన్నాడు జడ్జి.

"కాగితం లేదు. అక్కడున్నవాళ్ళకు చెప్పాను. ఆ అబ్బాయి కూడా అక్కడే ఉన్నాడు, అతన్నడగండి," అని ఈయన పోలీసును చూపించాడు.

పోలీసు కుర్రవాడే. యాక్సిడెంట్ రిపోర్టు చదివినట్టు, తాను రాసుకున్నది పైకి చదివాడు. ఈయన లేచి నిలబడ్డాడు.

"రెండో పంక్తి తప్పు."

లాయరు చొక్కా పట్టి లాగుతున్నాడు. జడ్జి కళ్ళజోడు తీసి, "అయితే ఇది నువ్వన్నదేనని ఒప్పుకుంటున్నావా?" అన్నాడు.

"తప్పు చెబితే ఒప్పుకోను. సరిగ్గా చెబితే నాదే."

పోలీసు ముఖం ఎర్రబడింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గోడవైపు చూస్తూ మళ్ళీ చెప్పాడు. ఈసారి రిపోర్టులా లేదు.

"ఇప్పుడు నాదే," అని ఈయన కూర్చున్నాడు. కొన్నాళ్ళు జైలు వేశారు.

వదిలిన రోజు నేనే వెళ్ళి కార్‌లో తీసుకొచ్చాను. దారిలో అడిగాను, ఆ గేటు కవిత ఎవరికిస్తావని.

"ఇచ్చేశాగా. నువ్వు చూశావుగా," అన్నాడు.

వేళాకోళం అనుకున్నాను. కాస్త దూరం పోయాక, కాగితం అంటే అంత కోపం దేనికని అడిగాను. ఇంకెప్పుడూ అంత సూటిగా అడగలేదు, ఆయనా ఇంకెప్పుడూ చెప్పలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. తన చిన్న పుస్తకంలో ఒక కవితను ఒక స్నేహితుడికి అంకితం ఇచ్చాడట. అతను హైస్కూల్ టీచర్. ఎవరెవరు ఎలాంటి ఆలోచనలు గలవాళ్ళో గవర్నమెంటు వాళ్ళు ఆరాలు తీస్తున్న రోజులవి. ఈ పుస్తకాన్ని అతని ముందు బల్లమీద పెట్టి, ఇది నీ పేరేనా అని అడిగారట. ఉద్యోగం పోయింది. ఊరు వదిలిపోయాడు. ఎక్కడో ఇళ్ళకు రంగులు వేస్తూ బతికి, అక్కడే పోయాడట.

"మంచి కవితే. కింద అతని పేరు ఉండాల్సింది కాదు," అన్నాడు. దొరికిన కాపీలన్నీ వెతికి కొని కాల్చేశాడని తర్వాత లొరెయిన్ చెప్పింది.

ఆ తర్వాతి ఏడాది డ్రాయింగ్ ఆఫీసులోనూ సగం మందిని తీసేశారు. వాళ్ళలో నేనూ ఉన్నాను. మా ఆవిడ జీతంతో ఇల్లు గడిచేది, దానికి లోటు లేదు. పొద్దున్నే ఆవిణ్ణి దించాక ఎక్కడికి వెళ్ళాలో తెలియని మనిషినయ్యాను. అలవాటుగా డైనర్‌కే వెళ్ళేవాణ్ణి. డైరీ తెరిచేవాణ్ణి, రాయడానికి నిన్న అనేది ఏమీ ఉండేది కాదు.

ఒక రోజు ఆయన నా డైరీ మూసేసి, "లే, ఇంజనీర్. నీకొకటి ఇస్తాను," అన్నాడు.

ఫ్యాక్టరీ గోడ వెంట ఉన్న కాలిబాట మీద నేర్పాడు. రోజుకు ఒక పంక్తి. కొత్తది చెప్పే ముందు పాతవన్నీ మొదటి నుంచి అప్పజెప్పాలి. తడబడితే ఆ రోజుకు కొత్తది లేదు. మా ఊరి చర్చిలో ఆదివారం బడి గుర్తొచ్చింది. బంగారు వాక్యం, అంటే ఆ వారం బైబిల్ వచనం, కంఠతా వస్తే టీచరమ్మ బొమ్మ ఉన్న కార్డు ఇచ్చేది. ఆయనకు చెప్పాను.

"తప్పు చెబితే?"

"కార్డు ఇవ్వరు."

"నేను సరిగ్గా చెప్పినా ఇవ్వను," అన్నాడు.

నా ఇంగ్లీషు గుంటూరు ఇంగ్లీషు. ఒక మాటలో ఆయన మొదటి అక్షరం మీద ఊనితే, నేను రెండో దాని మీద ఊనేవాణ్ణి. మొదట దిద్దాడు. నాలుగు రోజులయ్యాక ఆగి, మళ్ళీ చెప్పమన్నాడు, మళ్ళీ చెప్పమన్నాడు. "అలాగే ఉండనీ. నీది బాగుంది," అన్నాడు. ఆ కవితలో నేను చేసిన పని అదొక్కటే.

దేని గురించో మాత్రం చెప్పగలను. పని పోయిన ఒక మనిషి ఫ్యాక్టరీ కొక్కేనికి మర్చిపోయిన కోటు గురించి. అంతకన్నా ఒక్క మాట కూడా ఇక్కడ రాయను. ఆ రోజుల డైరీలో కూడా "ఈ రోజు ఒక పంక్తి వచ్చింది" అని మాత్రమే ఉంటుంది. పని లేని ఆ నెలల్లో పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, బూట్లు వేసుకోవడానికి నాకున్న కారణం ఆ ఒక్క పంక్తి.

అంతా వచ్చిన రోజున, నేను దీన్ని ఎవరికి ఇవ్వాలి అని అడిగాను.

"నీ దగ్గర ఇక ఆగదు అనిపించినప్పుడు ఇవ్వు. చుట్టానికి ఇవ్వకు. చుట్టం నీ ముఖం చూసి నేర్చుకుంటాడు. నువ్వెవరో తెలియనివాడు నేర్చుకుంటే, అప్పుడది కవిత కోసం."

తర్వాత నాకు కార్ల విడిభాగాలు చేసే చిన్న కంపెనీలో పని దొరికింది. ఎనభైల మధ్యలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. మా ఆవిడ మొదటిసారి చూసొచ్చి, "మనం అన్నది అర్థమవుతోంది. చెప్పాలనుకున్నది బయటికి రావట్లేదు. ఆయనకు అంతకన్నా శిక్ష లేదు," అని, చర్చి బట్టలు కూడా మార్చుకోకుండా చాలాసేపు కూర్చుంది.

లొరెయిన్ ఒక ఏర్పాటు చేసింది. కవితలున్నవాళ్ళం తలా ఒక రోజు వెళ్ళి, ఆయన ఇచ్చినదాన్ని ఆయనకు వినిపించాలి. నాది శనివారం. మంచం పక్కన కుర్చీ లాక్కుని, ఆయన టోపీ తీసి వెల్లకిలా పెట్టి, "ఎవరు వింటున్నారు?" అనేవాణ్ణి. ఎడమచేతి చూపుడువేలు లేచేది. ఇక చెప్పేవాణ్ణి. ఎక్కడైనా ఒక మాట తప్పితే వేలు మళ్ళీ లేచేది. దిద్దుకుంటే దిగేది. నేను డ్రాయింగుల మీద ఎర్ర సున్నాలు చుట్టినన్నాళ్ళలో అంత కచ్చితమైన చెకర్‌ని చూడలేదు.

ఆ చలికాలం బార్బర్ పోయాడు. షాపులోనే గుండె ఆగింది. ఆకుల కవితను ఎవరికీ ఇవ్వలేదు. నేను రెండు మూడుసార్లు విన్నాను కాబట్టి వస్తుందేమోనని ఎంతో ప్రయత్నించాను. మొదటి రెండు పంక్తులు వచ్చాయి, తర్వాత నా సొంత మాటలు వచ్చాయి. మానేశాను.

ఆ శనివారం నేను డైరీ వెంట తీసుకెళ్ళాను. ఆయనకు చూపించి చెప్పాను: నాకిచ్చిన కవితను మా అక్షరాల్లో రాసి పెడతాను, మాటలు ఇంగ్లీషువే, అక్షరాలు మాత్రం తెలుగువి, ఏ పోలీసూ చదవలేడు, మొదటి రోజు నువ్వే అడిగావు కదా. ఖాళీ పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను. పక్క పేజీ మీద ముందు రోజు నేను రాసుకున్నది ఉంది. ఆయన దాన్ని, మొదటి రోజు డైనర్‌లో చూసినట్టే, చాలాసేపు చూశాడు. ఒప్పుకుంటాడనుకున్నాను. ఎడమచేత్తో మెల్లిగా డైరీ మూశాడు. ఆ చెయ్యి పక్కకు పాకి, టోపీని పట్టుకుని, తీసుకొచ్చి డైరీ మీద పెట్టింది. ఈసారి బోర్లించి పెట్టాడు. ఆ చిన్న పనికి ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

ఇక ఆ మాట ఎత్తలేదు.

ఆఖరి శనివారాల్లో ఒకసారి నేను మధ్య పంక్తిలో తడబడ్డాను. వేలు లేవలేదు. ఆగి, ఆయన చేతివైపు చూశాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. వేలు దుప్పటి మీద అలాగే ఉంది. నేనే వెనక్కి వెళ్ళి దిద్దుకుని పూర్తి చేశాను. ఇంటికొచ్చాక మా ఆవిడ అన్నం వడ్డించి, నేను తినకపోవడం చూసి, ఏమైందని అడగలేదు. నర్సు కదా, తెలిసే ఉంటుంది.

ఆయన వసంతంలో పోయాడు. చర్చి వద్దని ముందే చెప్పి పెట్టినందువల్ల, యూనియన్ హాల్లో చేరాం. ఏ యూనియన్‌తో పడలేదో దాని హాలే. కవితలున్నవాళ్ళం వరసగా కుర్చీల్లో కూర్చుని, పేరు చెప్పకుండా, ఒక్కొక్కరం లేచి చెప్పాం. నాకు ఒక్క మాటా తప్పలేదు. బార్బర్ కుర్చీ ఖాళీగా ఉంచారు. ఆ వంతు వచ్చినప్పుడు లొరెయిన్ వెళ్ళి ఆయన టోపీ ఆ కుర్చీలో పెట్టింది. ఆకుల కవిత చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు హాలంతా ఊరుకుంది. ఎంతసేపో మాకు తెలుసు, మాటలే తెలియవు.

అయిపోయిందనుకుని లేస్తుంటే తలుపు దగ్గర నుంచి ఒకతను ముందుకొచ్చాడు. యూనిఫాం లేకపోవడంతో వెంటనే గుర్తుపట్టలేదు. కోర్టులో చూసిన పోలీసు. కుర్చీలవైపు రాకుండా, అక్కడే నిలబడి, నేలవైపు చూస్తూ గేటు కవిత మొత్తం చెప్పాడు. రెండో పంక్తి సరిగ్గా చెప్పాడు. ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. కార్‌లో ఆయన అన్నది వేళాకోళం కాదని నాకప్పుడు తెలిసింది.

మిగిలినవాళ్ళు ఈ ఏళ్ళలో ఒక్కొక్కరే పోయారు. కొందరు ఇచ్చే పోయి ఉండొచ్చు, నా చెవిన పడలేదు. మా ఆవిడ కూడా పోయింది. డెట్రాయిట్ దగ్గరే ట్రాయ్ అనే ఊళ్ళో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. లొరెయిన్ సంగతి తెలిసిన రోజున మా మనవరాలు షారన్ నా గదిలోకి వచ్చి కూర్చుంది. ఇక్కడే పుట్టిన పిల్ల, ఫార్మసీలో పని.

"తాతా, జస్ట్ ఫోన్‌లో రికార్డ్ చేసేద్దాం. రాసినట్టు కాదు కదా."

"టోపీ పెట్టింది డైరీ మీదే గాని, దాని అర్థం ఫోన్‌కి కూడా వస్తుందమ్మా."

"ఓకే. అయితే నాకు చెప్పు. నేర్చుకుంటాను."

"నువ్వు నాకోసం నేర్చుకుంటావు."

"నేర్చుకుంటే ఏం? తప్పా?"

తప్పు కాదు. కానీ ఆయన అడిగింది అది కాదు. ఆ పిల్ల కాసేపు నా పుస్తకాలు సర్దుతూ అలిగి తిరిగింది. తర్వాత తనే అంది: "మరి స్ట్రేంజర్స్ ఎలా వస్తారు తాతా, నువ్వు ఇంట్లో కూర్చుంటే? మీ తెలుగు మేగజీన్‌లో రాయి. కవిత కాదు, దాని గురించి."

అందుకే ఇది రాస్తున్నాను. ఈ పత్రిక చదివేవారిలో నాకు చుట్టం కానివారు, నేనెవరో తెలియనివారు ఎవరైనా రావచ్చు. మా ఇంటి చిరునామా పత్రికవారు ఇస్తారు. పొద్దుటిపూట నా తల కొంచెం తేటగా ఉంటుంది, అప్పుడు రండి. ఒక్క రోజుతో అయ్యే పని కాదు. పెన్ను, కాగితం తేవద్దు, ఫోన్ కార్‌లో వదిలి రండి. మీ ఇంగ్లీషు ఎలాంటిదైనా ఫరవాలేదు. కాఫీ ఇస్తాం, సాసర్‌లో పోసుకుని తాగినా ఎవరూ నవ్వరు.

తలుపు తీసేది షారన్. మిమ్మల్ని నా దగ్గర కూర్చోబెట్టి తను వంటగదిలోకి వెళ్ళిపోతుంది, అలా అని మేమిద్దరం మాట అనుకున్నాం. నేను మీకు పంక్తి చెబుతున్నప్పుడు లోపల గిన్నెల చప్పుడు ఆగిపోవచ్చు. మీరు అటు చూడకండి. నేనూ చూడను.